మిగతావీ ఉండే ఉంటాయి

డాక్టర్ కోదండపాణి గారికి ఒక చాదస్తం ఉంది. విశాఖలో ఆయన దగ్గర పసిపిల్లల గుండె వైద్యం నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడూ మొదటి వారంలోనే దానికి తలవంచాలి. ఊపిరితిత్తుల నుంచి గుండెకి మంచి రక్తం తెచ్చే సిరలు నాలుగుంటాయి. గుండెని తెర మీద చూపించే ఎకో పరీక్షలో ఎంత పెద్ద లోపం బయటపడనీ, ఆ నాలుగు సిరలూ ఒక్కొక్కటే వెతికి, వాటిలో రక్తం సాఫీగా పారుతోందని కళ్లారా చూసేదాకా ఆయన మందు మాట ఎత్తనివ్వరు. "నాలుగూ చూశావా?" అంటారు. చూశానంటే, "ఏదీ, చూపించు," అంటారు. శిష్యులు చాటుగా నవ్వుకునేవారు. ఎదురుగా నవ్వే ధైర్యం ఎవడికుంది కనక!

ఒకనాడు శౌరి అనే శిష్యుడికి ఓపిక నశించింది. శౌరి తెలివైనవాడు, చెయ్యి చురుకైనవాడు, పైగా ఆ సంగతి తనకే బాగా తెలిసినవాడు. బయట వరండా నిండా పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని తల్లులు. లోపల బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఛాతీ ఎగిరెగిరి పడుతుంది, తెర మీద ఏదీ కుదురుగా నిలవదు. ఒక్కొక్కరి దగ్గర ఇలా సిరలు వెతుక్కుంటూ కూర్చుంటే తెమిలేదెప్పుడు?

"సార్, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి," అన్నాడు. "నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. ఊపిరితిత్తులు బలంగా లేవు. అందుకే వాటిలో రక్తపోటు పెరిగింది. కారణం ఎదురుగా కనిపిస్తూనే ఉంది కదా. సందేహమే లేనప్పుడు ఇంకా వెతకడం దేనికి?"

గురువుగారు కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నారు. "మంచి ప్రశ్నే," అని లేచి వార్డులోకి వెళ్లిపోయారు. శౌరికి ఒళ్లు మండింది. జవాబు లేకే లేచిపోయారని గట్టిగా అనుకున్నాడు.

ఆ తర్వాత గురువుగారు ఏదో వైద్యుల సభకని హైదరాబాదు వెళ్లారు. అదే సమయంలో శృంగవరపుకోట అవతలి నుంచి పైడితల్లి అనే ఆవిడ కొడుకుని తీసుకొచ్చింది. ఇంకా బోర్లా పడడం కూడా సరిగా రాని పసివాడు. నెలలు నిండకుండానే పుట్టాడు. నాలుగు గుక్కలు తాగేసరికి రొమ్ము వదిలేసి ఆయాసపడుతున్నాడు, నుదుటి మీద చెమట, పెదాలు నేరేడు రంగు. శౌరి ఎకో చేశాడు. గుండె కుడి భాగం ఉబ్బి ఉంది, ఊపిరితిత్తుల్లో రక్తపోటు బాగా పెరిగి ఉంది. తను అనుకున్నదే. సిరల కోసం చూశాడు, చూడలేదని అనడానికి లేదు. కుడివైపున ఒకటి స్పష్టంగా దొరికింది. అంతలో పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. ఒకటి బాగుంటే మిగతావీ ఉండే ఉంటాయనుకుని శౌరి ఎకో పరికరం పక్కన పెట్టేశాడు. ఊపిరితిత్తుల రక్తనాళాల్ని వదులు చేసే మందు మొదలుపెట్టాడు.

మొదట పెదాల రంగు తేరింది. శౌరి లోలోపల మురిసిపోయాడు. మర్నాటికి పిల్లవాడి డొక్కలు ఎగరడం మొదలైంది. ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు. మందు చాలలేదేమోనని శౌరి మోతాదు పెంచాడు. ఆయాసం ఇంకా పెరిగింది. ముక్కు దగ్గర నురగ కనిపించింది. అప్పుడు భయం వేసింది శౌరికి, నిజమైన భయం. ఇంకొంచెం పెంచుదామని మందు యంత్రం దాకా చెయ్యి పోతోంది, పెంచితే ఏమవుతుందోనని వెనక్కి వస్తోంది. ఆ స్థితిలో ఉండగా కోదండపాణి గారు సంచీ అయినా దించకుండా స్టేషన్ నుంచి నేరుగా లోపలికొచ్చారు.

పిల్లవాణ్ణి చూశారు. శౌరిని చూశారు.

"నాలుగూ చూశావా?"

చూశాననబోయాడు శౌరి. ఆ తర్వాతి మాట 'ఏదీ, చూపించు' అని గుర్తొచ్చింది. "ఒకటి బాగా కనిపించింది సార్. బాబు ఏడుస్తున్నాడు. మిగతావీ ఉండే ఉంటాయని..."

"మందు ఆపు," అన్నారాయన.

మందు ఎక్కించే యంత్రం ఆగింది. మూలన నిలబడ్డ పైడితల్లికి ఆ నిశ్శబ్దం అర్థమైంది, తనకి అర్థమైన విధంగా. ఒక్క అంగలో మంచం దగ్గరికొచ్చింది. "మందు ఆపేస్తన్నారేటి బాబూ? ఇంక ఆశ నేదా?"

గురువుగారు శౌరి వైపు తిరిగి, "నువ్వే చెప్పు," అన్నారు.

"అది కాదమ్మా," అన్నాడు శౌరి. "ఈ మందు ఊపిరితిత్తుల్లోకి రక్తం వెళ్లే దారిని వెడల్పు చేస్తుంది. తిరిగొచ్చే దారి మూసుకుపోతూ ఉంటే, వెళ్లిన రక్తం అక్కడే నిలిచిపోతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. బాబుకి అదే జరుగుతున్నట్టుంది."

ఆవిడ శ్రద్ధగా వింది. అర్థం చేసుకుంది కూడా.

"మరి ముందరెందుకిచ్చినారు బాబూ?"

శౌరి గురువుగారి ముఖం చూశాడు. ఆయన పిల్లవాణ్ణే చూస్తున్నారు. చెప్పడానికి ఎన్నో ఉన్నాయి. సిరలు మూసుకుపోయే ఈ జబ్బు అరుదు. బిడ్డ కుదురుగా లేడు. నెలలు నిండని పిల్లల్లో ఊపిరితిత్తుల బలహీనతే ఎక్కువ. అన్నీ నిజాలే. ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

"చూడకుండా ఇచ్చానమ్మా."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మంచం మీదికి వంగి, పిల్లవాడి తల తన గుండెకి ఆనించుకుంది. "అయితే ఇప్పుడు సూడండి," అంది.

శౌరి పరికరం అందుకున్నాడు. పైడితల్లి పిల్లవాడి చెవిలో ఏదో కూనిరాగం తీస్తోంది. శౌరి మోచెయ్యి మంచానికి ఆనించి వెతికాడు. కుడివైపుది ముందు చూసిందే, బాగుంది. దాని కిందది సన్నబడింది. ఎడమవైపున పైసిర దారప్పోగులా ఉంది. నాలుగోది ఎంతకీ దొరకలేదు. చివరికి దొరికింది, అందులో రక్తం సూదిబెజ్జంలోంచి చిమ్మినట్టు వస్తోంది.

చేరిన నీరు తగ్గడానికి మందిచ్చి, ఊపిరికి యంత్రం పెట్టి, పిల్లవాణ్ణి లోపలికి తీసుకెళ్లారు. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం గుండెలోకి పంపి, బెలూనుతో ఒక్కొక్క సిరనీ వెడల్పు చేశారు గురువుగారు. ఒకసారి బెలూను ఉబ్బగానే గుండె వేగం పడిపోయింది. గురువుగారు బెలూను ఉబ్బు తీసి, కదలకుండా నిలబడ్డారు. గుండె నెమ్మదిగా పుంజుకుంది. ఆయన మళ్లీ మొదలుపెట్టారు.

పిల్లవాడు బతికాడు. అయితే ఈ సిరలు మొండివి. తెరిచినవి మళ్లీ సన్నబడతాయి. ఎన్నిసార్లు రావాలో, చివరికి ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. ఇంటికి పంపే రోజున గురువుగారు ఆ మాట పైడితల్లికి దాచకుండా చెప్పారు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. వచ్చినప్పుడల్లా తనే స్వయంగా చూస్తానని ఆయన ధైర్యం చెప్పారు.

"తమరొద్దు బాబూ," అంది పైడితల్లి. "సూణ్ణేదని సెప్పిన ఆ సిన్న డాటరుబాబే సూడాల."

తలుపు దగ్గరున్న శౌరి తల దించుకున్నాడు. ఆవిడ పిల్లవాణ్ణి ఎత్తుకుని వెళ్లిపోయాక గురువుగారి దగ్గరికొచ్చాడు. "అంత తప్పు చేశాను. ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు అడిగింది సార్?"

కోదండపాణి గారు తర్వాతి బిడ్డని లోపలికి రమ్మని సైగ చేశారు.

"చూశామనేవాళ్లం ఈ ఆసుపత్రి నిండా ఉన్నాం కదయ్యా," అన్నారు.