కొర్లమ్మ కాదంటేనే పడవ కదిలేది

ఏరు ఎక్కడ ఆగుతుందో, సముద్రం ఎక్కడ మొదలవుతుందో ఎవరూ గీత గీయని కాలం అది. అనగా అనగా, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర మూడు లంకలు. మొదటి లంకలో కొబ్బరిచెట్లు, రెండో లంకలో గేదెలు, మూడో లంకలో పడవలు. మన కథ మూడో లంకది.

ఆ లంకలో ఎల్లాజీ, మసేను అని ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. ఇద్దరికీ కలిపి ఒకటే పడవ. అన్న పెళ్ళాం కొర్లమ్మ, తమ్ముడి పెళ్ళాం నీలాలు. కొర్లమ్మ చేపలు ఎండబెట్టేది. ఉప్పు పట్టించి, పందిరి మీద ఆరేసి, కాకుల్ని తోలి, సాయంత్రానికి గంపలకెత్తేది. ఆ ఉప్పుకి ఆమె చేతులు పగిలిపోయి ఉండేవి. నీలాలు మాత్రం వాన చెప్పేది.

వాన చెప్పడమేమిటంటారా? పొద్దున్నే ఒడ్డున నిలబడి నీలాలు మూడు చూసేది. మొగలో నురుగు రంగు చూసేది. ఇసుకలో పీతల కన్నాలు చూసేది. తూర్పున మబ్బు అడుగు చూసేది. చూసి, "ఎల్లండి" అంటే పడవలు వెళ్ళేవి. "వొద్దు" అంటే ఆగేవి. చాలామటుకు ఆమె అన్నట్టే జరిగేది. అందుకని వేట నుంచి వచ్చిన ప్రతి పడవవాళ్ళూ వలలో పడ్డ మొదటి చేపను తెచ్చి నీలాలు గుమ్మంలో పెట్టేవారు.

ఆ చేప కొర్లమ్మ కళ్ళముందు నుంచే వెళ్ళేది. ఆమె కడుపు భగ్గుమనేది.

తప్పంటారా? ఆ ఇంట్లో ముందు కాలుపెట్టింది తను. ఊరందరి చేపలూ ఎండబెట్టేది తను. కాసేపు నిలబడి ఆకాశం చూసినందుకు చెల్లెలి వరసైన తోడికోడలికి చేప, పొద్దస్తమానం ఎండలో మాడినందుకు తనకి కాకిరెట్ట. ఆమె స్థానంలో ఉంటే నేనైనా కుళ్ళుకునేదాన్నే.

అందుకని కొర్లమ్మ కూడా వాన చెప్పడం మొదలుపెట్టింది. దానికి పెద్ద విద్య ఏం అక్కర్లేదు. నీలాలు ఏది చెబితే దానికి ఎదురు చెప్పేది, అంతే. ఒకసారి నీలాలు "ఇయ్యాల వాన నేదు" అంది. "కాదు, కుండపోతగా కురుస్తాది" అంది కొర్లమ్మ. ఒక్క చినుకు పడలేదు. ఇంకోసారి నీలాలు "ఈదురుగాలి వొస్తాది" అంది. "కాదు, ఆకు కూడా కదల్దు" అంది కొర్లమ్మ. ఆమె పందిరే లేచిపోయి ఏట్లో పడింది. మూడోసారి ఏమందో చెప్పను గానీ, అదీ తప్పింది.

లంకవాళ్ళు ఊరుకుంటారా? కొర్లమ్మ కాదంటే ఇక ఢోకా లేదని తేల్చేసుకున్నారు. నీలాలు "ఎల్లండి" అనగానే అందరూ కొర్లమ్మ వైపు తిరిగేవారు.

"వదినా, నువ్వు కాదనెయ్, బయల్దేరతాం" అనేవాడు మసేను.

"కాదు, ఎల్లకండి" అనేది ఆమె మండిపడుతూ.

వాళ్ళు నవ్వుకుంటూ పడవలు దించేవారు. కొన్నాళ్ళకి అదే ఆచారమైపోయింది. కొర్లమ్మ నోట కాదనే మాట వినకుండా పడవ దించితే మంచిది కాదనుకునేవారు. సొంత మొగుడు ఎల్లాజీ కూడా తాడు పట్టుకుని పెళ్ళాం మాట కోసం ఎదురుచూసేవాడు. ఇంతకంటే అవమానం ఏముంటుంది?

కుళ్ళుకునేవాళ్ళకి ఒక గుణం ఉంది. ఎవరిమీద ఏడుస్తున్నారో వాళ్ళమీద నుంచి చూపు తిప్పరు. కొర్లమ్మ చేపలు తిరగేస్తూ నీలాలునే చూసేది. నీలాలు ఏం చూస్తుందో అదే చూసేది. అలా చూసీ చూసీ నురుగూ, పీతలూ, మబ్బూ ఆమెకీ తెలిసిపోయాయి. చెల్లెలు చెప్పింది నిజమేనని కనబడుతూనే ఉండేది. అయినా "కాదు" అనే అనేది. ఔననడం ఆమె వల్ల అయ్యేది కాదు.

అలా చూస్తుండగానే ఒక ఏడు ఆమెకి ఒక సంగతి కనబడింది. నీలాలు నీళ్ళు ముంచేముందు కుండ మూతి తడుముతోంది. గుమ్మంలో పెట్టిన చేపను కాలితో తొక్కుతోంది. ఒడ్డున నిలబడితే పీత పాదాల ముందు నుంచి పోతున్నా తల దించడం లేదు.

నీలాలు కళ్ళకి పొరలు కమ్మాయి. ఆ మాట చెబితే వాన చెప్పడం పోతుంది, వాన చెప్పడం పోతే చేప పోతుంది, చేప పోతే తనని అడిగేవాళ్ళెవరు? అందుకని మొగుడికి కూడా చెప్పకుండా గాలి వాసన పట్టి నెట్టుకొస్తోంది. లంకలో ఎవరికీ తెలియదు. కొర్లమ్మకి మాత్రం తెలుసు.

ఆమెకి పండగలా ఉంది. "ఎప్పుడో ఒకనాడు తప్పుతావు. ఆ రోజు నాది" అనుకుంది.

ఆ ఏడే ముసురు పట్టింది. అలాంటిలాంటి ముసురు కాదు. పొద్దుకీ మాపుకీ తేడా లేకుండా కురిసింది. గింజలు నిండుకున్నాయి. ఎండుచేపలకి పురుగు పట్టింది. పొయ్యిలోకి నీరు ఊరింది. పిల్లలు ఆకలికి ఏడ్చి ఏడ్చి, ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరుకున్నారు.

ఒక పొద్దున తెరిపి ఇచ్చింది. మగవాళ్ళంతా పడవల దగ్గరకి పరిగెత్తారు. నీలాలు వచ్చి తూర్పుకి మొహం పెట్టి నిలబడింది. గాలి లేదు. వాసనా లేదు. జనం ఆకలి మాత్రం ఆమెకి వినబడుతోంది.

"తెరిపి నిలుస్తాది. ఎల్లండి" అంది.

కొర్లమ్మ మొగ వైపు చూసింది. నురుగు ఎర్రగా ఉంది. ఇసుకలోకి చూసింది. పీతల కన్నాలన్నీ మూసుకుని ఉన్నాయి. తూర్పుకి చూసింది. మబ్బు అడుగున కాటుక పూసినట్టు నల్లటి చార. పడవ వెళ్తే తిరిగి రాదు.

ఇన్నేళ్ళు ఎదురుచూసిన రోజు వచ్చింది. కొర్లమ్మ నోరు తెరిచింది.

"కానియ్ వదినా, తొరగా కాదను. పిల్లలు ఆకలితో ఉన్నారు" అన్నాడు మసేను.

"అనెయ్యవే" అన్నాడు ఎల్లాజీ, అప్పటికే పడవకి భుజం ఆనించి.

అప్పుడు తెలిసొచ్చింది కొర్లమ్మకి. తను కాదంటే వాళ్ళు వెళ్తారు. నీలాలుకి కళ్ళు లేవని చెప్పినా వెళ్తారు; ఓర్వలేక అంటోందని నవ్వుతూ మరీ వెళ్తారు. తను ఎంత గట్టిగా వద్దంటే పడవ అంత తొందరగా కదులుతుంది. ఇన్నేళ్ళ తన మాటే ఇవాళ తన మొగుణ్ణి ముంచబోతోంది.

వాళ్ళు ఆగడానికి ఒక్కటే దారి ఉంది. అది ఆమెకి చావుకంటే కష్టం.

మొదటిసారి నోరు పెగల్లేదు. రెండోసారి గొంతులోనే ఆగిపోయింది. మూడోసారి కళ్ళు గట్టిగా మూసుకుని అంది.

"నీలాలు సెప్పింది నిజం. ఎల్లండి."

ఎల్లాజీ భుజం పడవ మీద నుంచి జారింది.

"ఏటన్నావు?"

"నీలాలు సెప్పిందే నిజమన్నాను. ఎన్నిసార్లు సెప్పాలి?"

తాళ్ళు పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే వదిలేశాయి. ఎన్నడూ జరగనిది జరిగితే ఎవరికి మాత్రం భయం వేయదు? "కొర్లమ్మ ఔనంది, ఇయ్యాల వొద్దు" అని మొదట ఒక ముసలాయన అన్నాడు. తరవాత అందరూ అదే అన్నారు. ఆకలి కడుపులతోనే పడవల్ని మెట్ట మీదికి లాక్కుపోయారు.

పొద్దు నెత్తి మీదికి రాకముందే గాలి లేచింది. సముద్రం మొగలోంచి లోపలికి వచ్చింది. ఆ గాలిలో ఒక్క పడవ ఉన్నా ఒక్క మనిషి మిగిలేవాడు కాదు. ఆ రోజు లంకలో ఎవరూ చావలేదు.

మరి కొర్లమ్మని మెచ్చుకున్నారా? అబ్బే. "నీలాలు మాట ఎప్పుడూ తప్పదు. ఈవిడ ఔనని దిష్టి పెట్టింది కాబట్టి తప్పింది" అన్నారు. గాలి తగ్గి వేటకి వెళ్ళొచ్చాక మొదటి చేపను మళ్ళీ నీలాలు గుమ్మంలోనే పెట్టారు. కొర్లమ్మ కడుపు మళ్ళీ భగ్గుమంది.

ఆ సాయంత్రం నీలాలు గోడ తడుముకుంటూ పందిరి దగ్గరకి వచ్చింది.

"అక్కా, నా కళ్ళు పోయాయని నీకు తెలుసు కదూ?"

"నీకంటే ముందే తెలుసు."

"మరి నన్ను ఎందుకు కాపాడావు?"

"నిన్నెవరు కాపాడారే? పడవలో నా మొగుడున్నాడు" అంది కొర్లమ్మ. చేప తిరగేసి, ఆగి, "రేపు నేను నీ వెనకాల నిలబడతాను. నా గొణుగుడు విని సెప్పు" అంది.

మర్నాటి నుంచి అదే తీరు. నీలాలు ముందు నిలబడేది. కొర్లమ్మ వెనక నిలబడి, "ఎర్రటి నురుగు, పాడు నురుగు. పీతలకి కూడా బద్ధకమే, తలుపులు తీయలేదు" అని తిట్టుకునేది. నీలాలు విని "వొద్దు" అనేది. వెంటనే కొర్లమ్మ గట్టిగా "కాదు, ఎల్లండి" అనేది. అందరూ నవ్వి ఆగిపోయేవారు. మాట కొర్లమ్మది, పేరు నీలాలుది, చేప కూడా నీలాలుదే. పోయేదాకా కొర్లమ్మ కడుపు మండుతూనే ఉంది. పోయేదాకా ఒక్క పడవ మునగలేదు.

కొర్లమ్మ పోయిన మర్నాడు జనం ఒడ్డుకి వచ్చారు. నీలాలు నిలబడింది.

"సెప్పు పిన్నీ" అన్నారు.

"నాకు కళ్ళు నేవు. ఇన్నాళ్ళూ చూసింది అక్క" అంది నీలాలు. జరిగిందంతా చెప్పి ఇసుకలో కూలబడి ఏడ్చింది. "ఒక్క చేపైనా దాని గుమ్మంలో పెట్టనిచ్చాను కాను" అని ఏడ్చింది.

ఇప్పుడు ఆ లంకకి రేడియో వచ్చింది, ఫోనూ వచ్చింది. వాన కబురు వాటిల్లోనే వింటారు. వేటకి వెళ్ళొచ్చని వాటిల్లో చెప్పినా, ముసురు రోజుల్లో అందరూ ఔనంటే మాత్రం పడవ దించరు. వెనక నుంచి ఒక ఆడమనిషి మూతి ముడుచుకుని "కాదు" అనాలి. అప్పుడు ఆకాశాన్ని ఇంకోసారి చూసుకుని కదులుతారు.

తిరిగొచ్చాక మొదటి చేపను ఎండుచేపల పందిరి మీద పెట్టి, "ముందు నీకే కొర్లమ్మా" అంటారు. రెండో చేప నీలాలుకి. ఆ రెండోది మొదటిదానికంటే చిన్నదై ఉండాలి. పొరపాటున పెద్దదైందా, ఆకాశం ఎంత తేటగా ఉన్నా ఆ సాయంత్రం వాన తప్పదని పందిరి మీద చేపలన్నీ ఎత్తేసుకుంటారు.