టీవీకి వీపు పెట్టిన కుర్చీ

కొన్నాళ్ళుగా వకుళకి అన్నం సయించడం లేదు.

కారణం ఫోను. అందులో జనం తన గురించి రాసే మాటలు. లేస్తే అవే, పడుకోబోయే ముందూ అవే.

ఆదివారం పొద్దున టీవీలో వచ్చే 'పెరటి కబుర్లు' కార్యక్రమానికి ఇప్పుడు తనే యాంకరు. అంతకు ముందు చాలా ఏళ్ళు దాన్ని నడిపింది అచ్యుతరామయ్య మాస్టారు. వ్యవసాయ పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఒక్క గుమ్మడి పాదు గురించి అరగంట మాట్లాడగలరు, మాట్లాడేవారు కూడా. మధ్యలో తుమ్మితే ఆ తుమ్మూ ప్రసారమైపోయేది.

వకుళ ఆయన దగ్గరే పని నేర్చుకుంది. మట్టి కలిపేది, కుండీలు అందించేది, చీడ పట్టిన ఆకు ఏదో ఆయన కంటే ముందే పసిగట్టేది. కెమెరాలో మాత్రం ఎప్పుడూ మోచేతి దాకానే కనపడేది. ఆ గాజుల చెయ్యి ఎవరిదని అప్పట్లో కొందరు ఉత్తరాలు కూడా రాశారు.

ఆ తరవాత మాస్టారికి చేతులు వణకడం మొదలైంది. ఒకరోజు షూటింగులో లేత వంగ మొక్క ఆయన వేళ్ళ మధ్యే విరిగిపోయింది. ఆయన దాన్ని కాసేపు చూశారు. "ఇంక వకుళ చేస్తుంది" అని అందరికీ చెప్పి, చెప్పులేసుకుని బస్సెక్కేశారు.

ఇదే అదననుకున్నారు ఛానల్ వాళ్ళు. పాత సెట్టు పీకేశారు. పైనుంచి తోటని చూపించే డ్రోను వచ్చింది, హుషారైన పాట వచ్చింది, వకుళకి జరీ అంచు చీరలు వచ్చాయి. అరగంటకి ఒక మొక్క కాదు, మొక్క మీద మొక్క. ఊపిరి పీల్చుకునే సందు లేదు.

చూసేవాళ్ళు రెండుగా చీలిపోయారు.

'ఇన్నాళ్ళకి నిద్ర రాకుండా చూశాం' అని ఒకరు. 'ఇది తోటా, తిరణాలా?' అని ఇంకొకరు. 'చీరకి మట్టంటకుండా తోటపని చేసే మనిషిని ఇప్పుడే చూస్తున్నాం' అని ఒకావిడ దెప్పింది. మరుసటి వారం వకుళ పనిగట్టుకుని చీరకి మట్టి పులుముకుంది. 'ఆడపిల్లవి, కాస్త శుభ్రంగా ఉండకూడదా?' అని ఇంకో ఆవిడ అడిగింది.

పాపం వకుళ ఎవరినీ నొప్పించలేని మనిషి. మాట తగ్గించమంటే తగ్గించింది. ఏమీ చెప్పడం లేదంటే పెంచింది. నవ్వమంటే నవ్వింది. మొక్క చచ్చిపోతుంటే నవ్వుతావేమిటని అడిగితే మానేసింది. అలా అందరి మాటా వింటూ పోయేసరికి, టీవీలో కనపడుతున్నది ఎవరో తనకే తెలియకుండా పోయింది.

వాటన్నిటి మధ్యా ప్రతి వారం ఎవరో ఒకరు ఒకే మాట రాసేవారు. 'మాస్టారేరి?' తిట్టు కాదది. అయినా అన్ని తిట్లకంటే అదే ఎక్కువ నొప్పి పెట్టేది. ఎందుకంటే తనకీ అదే అనిపించేది.

శనివారం ప్రొడ్యూసరు శ్యామ్ ఫోన్ చేశాడు. "సోమవారం షూటింగు మేడమ్. పాత పద్ధతికి పోదామా, కొత్తదే ఉంచుదామా? రేపు మధ్యాహ్నం లోగా తేల్చి చెప్పండి. మీరు తేల్చకపోతే పైవాళ్ళు ఇంకొకర్ని చూసుకుంటామంటున్నారు."

వకుళ తేల్చుకుంది. పాతదీ కాదు, కొత్తదీ కాదు. తను మానేస్తుంది. మాస్టార్ని మళ్ళీ రమ్మని కాళ్ళు పట్టుకుంటుంది.

ఆదివారం తొలి బస్సుకే కడియం వైపు బయల్దేరింది.

ఆ చుట్టుపక్కలంతా నర్సరీలే. బస్సు కిటికీలోంచి చూస్తే రోడ్డుకి రెండు వైపులా మొక్కలే నిలబడి ఉంటాయి. అక్కడ సైకిలాపి దారి అడిగితే, దారితో పాటు మీ ఇంటి గులాబీకి ఏం రోగమో కూడా చెప్పి పంపిస్తారు. అలాంటి ఊళ్ళో కూర్చుని తన కార్యక్రమాన్ని చూసేవాళ్ళు ఏమనుకుంటారోనని వకుళకి మొదటి వారం నుంచీ గుబులే.

మాస్టారు అరుగు మీద కూర్చుని తుప్పు పట్టిన నీళ్ళ క్యాను తోముతున్నారు. వకుళని చూడగానే ఆయన మొహమంతా నవ్వైపోయింది.

"మాణిక్యం! ఎవరొచ్చారో చూడు. ఇంకో రెండట్లు పొయ్యి."

వకుళ కాళ్ళకి దణ్ణం పెట్టి, లేవకుండానే అనేసింది. "మాస్టారూ, నా వల్ల కాదండి. మీరు మళ్ళీ వచ్చేయండి. చేతులు వణికితే వణకనివ్వండి, పట్టుకునే పనులన్నీ నేను చేస్తాను. మునపటిలాగే మోచేతి దాకా కనపడతాను."

"ముందు తిను" అన్నారు మాస్టారు.

మాస్టారి భార్య మాణిక్యాంబ గారు వేడివేడి పెసరట్టు తెచ్చి చేతిలో పెట్టారు. పిల్ల చిక్కిపోయిందని కేకలేశారు. విషయం విని, "ఓసి పిచ్చిదానా, దీనికేనా!" అన్నారు. "ఈయన కొత్తలోనూ అంతే. అంతకు ముందు వచ్చే భజన కార్యక్రమం తీసేసి ఈయన్ని పెట్టారని ఊరంతా తిట్టారు. మా అమ్మ కూడా తిట్టింది."

"మీ అమ్మ ఇప్పటికీ తిడుతుంది" అన్నారు మాస్టారు.

వకుళకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఫోను తీసి జనం రాసినవన్నీ చదవబోయింది.

"నీ ప్రోగ్రాం నువ్వు చూసుకుంటావా?" అని మాస్టారు అడిగారు.

"నాలుగైదు సార్లు చూసుకుంటానండి ప్రతిదీ. ఎక్కడ తప్పు చేశానా అని."

"ఊఁ" అన్నారాయన. గడియారం చూసి లేచారు. "వచ్చే వేళయింది."

ఆ వీధిలో ఇప్పుడు అందరికీ టీవీలున్నాయి. అయినా ఆదివారం పొద్దున ఈ కార్యక్రమానికి మాత్రం కొందరు మాస్టారింటికే వస్తారు. ఆయన ఉన్న రోజుల్లో పడ్డ అలవాటు అది, ఆయన మానేసినా పోలేదు.

ముందుగా బస్సు కండక్టరుగా చేసి రిటైరైన అబ్బులు వచ్చాడు. వెనకాలే చంటిపిల్లని ఎత్తుకుని మేడ మీద అద్దెకుంటున్న హారిక దిగింది. ఆఖర్న సోమాలమ్మ, గోడ పట్టుకుంటూ మెల్లిగా. బతుకంతా నర్సరీ మళ్ళలో నారు పోసిన మనిషి. మోకాళ్ళు పోయాక కొడుకు వాళ్ళతో డాబా మీది వాటాలో ఉంటోంది. అక్కడ గుప్పెడు మట్టి లేదు.

వకుళని చూసి ముగ్గురూ సంబరపడ్డారు. టీవీలో కంటే బయటే బాగున్నావంది సోమాలమ్మ.

వకుళ వెళ్ళి టీవీకి ఎదురుగా కూర్చోబోయింది. మాస్టారు ఆ కుర్చీ లాగి, టీవీ పక్కనే వేసి, వాళ్ళ వైపుకి తిప్పారు.

"ఇలాగైతే నాకు కనపడదండి, మాస్టారూ."

"అందులో ఏముందో నీకు తెలుసుగా. కూర్చో."

కూర్చుంది. వెనక పాట మొదలైంది.

ఎదురుగా మనిషి ఉంది కదా అని మొహమాటపడే జాతి కాదది. "వచ్చిందండీ డ్రోను!" అన్నాడు అబ్బులు. "ఎందుకండీ ఇది? మనమేవన్నా కోడిపిల్లల్ని ఎత్తుకుపోవాలా? ఆ డప్పులేంటి, మొక్క నాటుతున్నారా, పెళ్ళికొడుకుని ఊరేగిస్తున్నారా?"

"నాకు ఆ పాటే ఇష్టమండి" అంది హారిక. "పాపకీ అంతే. అది వస్తేనే అన్నం తింటుంది."

"పాటకేంగానీ, ఆ సీరేటి తల్లీ?" అంది సోమాలమ్మ. "మట్టిలో కూకునేదానికి జరీయా? మాస్టారు పంచె ఎగ్గట్టి దిగిపోయేవోరు."

అలవాటుగా వకుళ చెయ్యి ఫోను మీదికి పోయింది. పాట, చీర, డ్రోను. మర్చిపోకుండా రాసుకోవాలి.

మాస్టారు ఫోను తీసుకుని బల్ల మీద పెట్టారు. మాణిక్యాంబ గారి దగ్గరున్న చిక్కుడుకాయల చాట తెచ్చి వకుళ ఒళ్ళో పెట్టారు.

"ఈనెలు తీస్తూ ఉండు" అన్నారు.

వకుళ ఒకటి రెండు కాయలు తుంచింది. వెనక పాట ఆగింది. తన గొంతు వినపడింది.

"మొక్క కాడని ఇలా రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని..."

మిరప మొక్కని చిన్న కుండీలోంచి పెద్ద కుండీలోకి మార్చడం. వకుళకి గుర్తుంది. ఇదంతా తీసేద్దామన్నారు ఛానల్ వాళ్ళు, చప్పగా ఉందని. ఇదొక్కటీ ఉంచమని బతిమాలితే ఉంచారు. ఆ గొంతు వింటే ఇప్పుడు సిగ్గేసింది. ఇంత మెల్లిగానా మాట్లాడింది? అబ్బులు ఏమంటాడోనని తలెత్తి చూసింది.

అబ్బులు టీవీకి కళ్ళప్పగించేశాడు. అతని నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. కుడిచెయ్యి గాల్లో బోర్లా తిరిగి ఉంది. రెండు వేళ్ళ మధ్య లేని మొక్కని పట్టుకుని ఉన్నాడు. ఎడమచేత్తో లేని కుండీ అడుగుని టక్ టక్ మని తడుతున్నాడు.

హారిక చంటిపిల్ల పొట్ట చుట్టూ బొటనవేళ్ళతో మెత్తగా అదుముతోంది. పిల్ల కిలకిల నవ్వుతోంది. అది ఎందుకు నవ్వుతోందో హారికకి తెలీదు, కళ్ళు టీవీ మీదే ఉన్నాయి.

సోమాలమ్మ తన మోకాలి మీద గుంట తీసింది. మొక్కని దించింది. చుట్టూ మట్టి చేరుస్తోంది. వకుళ గొంతు "ఇప్పుడు నెమ్మదిగా" అనే లోపే ఆవిడ వేళ్ళు నెమ్మదించాయి. ఇందాక గోడ పట్టుకుంటే గానీ నడవలేకపోయిన మనిషి, ఎంత చక్కగా నాటుతోందో.

అప్పుడు మాస్టారి వైపు చూసింది.

ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. కుర్చీ చేతి మీద ఆయన చెయ్యి వణుకుతూనే ఉంది. వణుకుతూనే మట్టి సర్దుతోంది. సోమాలమ్మలా ముందు పోవడం లేదు. వకుళ గొంతు "అదమండి" అంటే అదుముతోంది, "వదలండి" అంటే వదులుతోంది. బడిపిల్లాడు పలకమీద దిద్దుకున్నట్టు, ఆ చెయ్యి తన మాట వెంటే వస్తోంది.

వకుళ చాట మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

మళ్ళీ పాట వచ్చింది. చేతులన్నీ ఒళ్ళోకి జారిపోయాయి. నోళ్ళు లేచాయి.

"మళ్ళీ మొదలండీ బాబూ డప్పులు!" అన్నాడు అబ్బులు.

కార్యక్రమం అయిపోయాక ముగ్గురూ వకుళ చుట్టూ చేరి, తోచిన సలహాలన్నీ ఇచ్చారు. డ్రోను అమ్మేయమన్నాడు అబ్బులు. మాట ఇంకాస్త గట్టిగా ఉండాలంది హారిక. "ఏటో తల్లీ, మాస్టారున్నప్పుడే బాగుండేది" అని సోమాలమ్మ తేల్చేసింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"మాణిక్యమ్మగారో, పాత డబ్బా ఏదన్నా ఉంటే ఇప్పించండే. కూసింత మట్టి కూడా. మిరప మొక్కెట్టుకుంటాను."

ఆవిడ డబ్బా చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుంటూ వీధిలోకి వెళ్ళింది. వకుళ గుమ్మంలో నిలబడి, ఆవిడ మలుపు తిరిగేదాకా చూసింది.

మాణిక్యాంబ గారు చాట చూసి నెత్తి కొట్టుకున్నారు. "నాలుక్కాయలు కూడా అవలేదు! ఏం చేస్తున్నావే ఇంతసేపూ?"

"టీవీ చూస్తున్నానండి" అంది వకుళ.

మాస్టారు మళ్ళీ అరుగు మీద చేరి క్యాను తోముతున్నారు. "ఏమన్నారమ్మా వీళ్ళంతా?" అని అడిగారు.

వకుళ గుర్తు తెచ్చుకోబోయింది. "ఏదో అన్నారండి... సరిగ్గా వినలేదు."

"నేనూ అంతే" అన్నారు మాస్టారు.

బల్ల మీద ఫోను మోగింది. శ్యామ్. "తేల్చారా మేడమ్? పాతదా, కొత్తదా?"

"కెమెరా చేతులకి ఎంత దగ్గరగా రాగలదు శ్యామ్ గారూ?" అంది వకుళ.

"ఎంతంటే అంత. ఎందుకండీ?"

"అంత దగ్గరికీ రావాలి. మొక్క మట్టిలోకి దిగేటప్పుడు పాట వద్దు. తొందర వద్దు. దాని ముందూ వెనకా మీరేం పెట్టుకున్నా సరే. డ్రోను కూడా ఉంచండి, లేకపోతే మా అబ్బులు గారికి తిట్టడానికేమీ ఉండదు."

అవతల శ్యామ్ ఏదో అంటూనే ఉన్నాడు. వకుళ మర్యాదగా విని, సోమవారం కలుద్దామని పెట్టేసింది.

తరవాత కూర్చుని చిక్కుడుకాయలన్నీ బాగు చేసింది. ఆ కూరతోనే భోంచేసింది. రెండోసారి అడిగి మరీ వేయించుకుంది. రమ్మని అడగడానికి వచ్చిన సంగతి మళ్ళీ ఎత్తలేదు.

బస్సు వేళకి మాస్టారు గేటు దాకా వచ్చారు. వకుళ వంగి దణ్ణం పెట్టింది. ఆయన చెయ్యి తల మీద ఆనింది, వణుకుతూ, వెచ్చగా.

"వచ్చే వారానికి ఒకటి అనుకున్నానండి, మాస్టారూ" అంది లేచి. "ఏం నాటుతున్నానంటే..."

"చెప్పకు" అన్నారాయన. "ఆదివారం చూస్తాంగా."