పండుగప్ప పులుసు

ఒకానొక రేవుపట్నంలో తాతల నాటి పూటకూళ్ళ ఇల్లు ఉండేది. అక్కడి పండుగప్ప చేపల పులుసు దేశమంతా పేరుమోసింది. చేపలమ్మే నూకాలు ఒక్కసారైనా అది తినాల్సిందేనని, ఒక మధ్యాహ్నం వచ్చి పంక్తిలో కూర్చుంది.

పక్క విస్తరి ముందున్న సుంకాధికారి ముఖం చిట్లించాడు.

"దీన్ని లేపండి. ఈ చేతులు తగిలిన తిండి ఉన్నచోట నేను ముద్ద ముట్టను."

యజమానురాలు బిక్కచచ్చిపోయింది. నూకాలు మాత్రం కదల్లేదు.

"అయితే అయ్యగారి విస్తరి తీసెయ్యండమ్మా," అంది నెమ్మదిగా. "పొద్దున ఆ చేప పొలుసు గీకి, ముక్కలు కోసి మీకిచ్చింది ఈ చేతులే. ఆయన నియమం మనమెందుకు చెడగొట్టాలి?"

యజమానురాలు విస్తరి తీయబోతే అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. పులుసు వాసనకి అప్పటికే నోరూరుతోంది.

"సర్లే, కూర్చోనీ," అని గొణిగి ముద్ద కలిపాడు.

నూకాలు కడుపారా తిని, మారు కూడా వేయించుకుంది.