రాజుగారి తోటింటికి మరుగుదొడ్డి

"నా కావ్యం మధ్యలో ఇకమీదట ఎవరైనా లేచారో, వాళ్లు మళ్లీ కొలువు గడప తొక్కనక్కర్లేదు!"

మల్లభూపతి మహారాజు ఇలా హుంకరించడానికి కారణం ఉంది. పూలతోటలో ముచ్చటపడి ఒక తోటిల్లు కట్టించుకుని, రోజూ మధ్యాహ్నం తను రాసిన కావ్యం అక్కడ చదివి వినిపిస్తున్నాడు. కథ మంచి పట్టులో ఉండగా వృద్ధ పండితుడు సింగరాచార్యులు లేచి వెళ్లాడు. ఒకసారి కాదు, మాటిమాటికీ.

ఆచార్యులు తల దించుకుని నిలబడ్డాడు. ఈ వయసులో కొలువు పోతే ఎక్కడికి పోతాడు?

రాజుకు తాంబూలం అందించే బుచ్చెన్న ముందుకొచ్చాడు.

"ప్రభూ, పెద్దాయన లేచింది కావ్యం నచ్చక కాదు. తోటింటికి మరుగుదొడ్డి లేదు. అవసరమైతే కోట దాకా పోయి రావాలి. పక్కనే ఒక చిన్న గది కట్టించి, నేల కింద కాలువ తవ్వించి, పల్లంలో ఉన్న అరటితోటకు మురుగు మళ్లిస్తే సరిపోతుంది."

రాజు ఆలోచనలో పడ్డాడు. ఆస్థాన విద్వాంసుడు శరభశాస్త్రి మాత్రం చెవులు మూసుకున్నాడు.

"శివశివ! సరస్వతి కొలువైన చోట మురుగుకాలువా? అసలైన రసజ్ఞుడు తమరి కావ్యం వింటూ ఒళ్లు మరిచిపోతాడు ప్రభూ. లేవాలన్న ఊహే రాదు. నన్ను చూడండి!"

నిజమే, శాస్త్రి ఏనాడూ లేవలేదు. భోజనంలో మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చేవాడు మరి. ఆ సంగతి బుచ్చెన్నకు తెలుసు.

"అయితే రేపు శాస్త్రిగారు ముందు వరసలో కూర్చోవాలి ప్రభూ. ఆయన్ని చూసి అందరూ నేర్చుకుంటారు. ఆయన కూడా లేస్తే మాత్రం గది కట్టించాలి, ఆచార్యులవారిని మన్నించాలి."

రాజు సరేనన్నాడు.

మర్నాడు బుచ్చెన్న వెండి కూజాతో వచ్చాడు. "చెరుకురసం! ఇది రసజ్ఞులకు మాత్రమే," అని సభంతా వినేలా చెప్పి, శాస్త్రి చేతికి గిన్నె అందించాడు.

వద్దంటే రసజ్ఞుడు కాకుండా పోతాడు. శాస్త్రి గటగటా తాగేశాడు. రాజు చదివే పద్యానికి శాస్త్రి "ఆహా" అన్నప్పుడల్లా, "రసజ్ఞులండీ!" అంటూ బుచ్చెన్న గిన్నె నింపాడు.

రాజు జలపాత వర్ణన ఎత్తుకున్నాడు. కొండ మీద నీళ్లు జలజలా పారాయి. బండల మీద బొటబొటా రాలాయి. శాస్త్రి మోకాళ్లు దగ్గరికి చేర్చాడు. నుదుట చెమట పట్టింది. "ఆహా" కాస్తా "హా" అయింది. తర్వాత అదీ రాలేదు.

జలపాతం లోయలోకి దూకేసరికి శాస్త్రి కూడా లేచి దూకాడు.

"శాస్త్రీ! మీరు కూడానా?" అన్నాడు రాజు నివ్వెరపోయి.

"గది... గది కట్టించండి ప్రభూ!"

బుచ్చెన్న దారికి అడ్డంగా నిలబడ్డాడు. "మరి సరస్వతి సంగతో?"

"ఆవిడేమీ అనుకోదు! తప్పుకోవయ్యా!"

ఉత్తరీయం జారిపోతున్నా చూసుకోకుండా శాస్త్రి కోట వైపు పరుగెత్తాడు.

రాజు ముఖం ఎర్రబడింది. "ఇంత గొప్ప ఘట్టంలోనా?"

బుచ్చెన్న చేతులు కట్టుకున్నాడు.

"ఆయన తప్పేముంది ప్రభూ? తమరి జలపాతం వింటే ఎవరు ఆపుకోగలరు!"

సభ ఘొల్లుమంది. ఇంత మెప్పు ఏ పండితుడి నోటా వినలేదని రాజు మురిసిపోయాడు. ఆచార్యుల్ని మన్నించాడు. గది పని, కాలువ పని చూసుకోమని శాస్త్రికే పురమాయించాడు.

"నీకేం కావాలో కోరుకో బుచ్చెన్నా!"

"కావ్యం ఇంకా సగం ఉందట కదా ప్రభూ. ఆ గది తలుపు పక్కన నాకో పీట వేయించండి, చాలు."

అందరికంటే ముందు నవ్వింది సింగరాచార్యులు. రాజు మెడలోని ముత్యాలహారం తీసి బుచ్చెన్న చేతిలో పెట్టి, తనూ పకపకా నవ్వేశాడు.