గడప దగ్గర మజ్జిగ

శేషవేణి వేలు స్విచ్ మీదే ఉంది. నొక్కడానికి ధైర్యం చాలడం లేదు.

ఆశ్రమంలో ఉన్న ఒక్క కంప్యూటరూ ముసలిదైపోయింది. పెట్టిన పాట మధ్యలోనే ఆగిపోతోందని, పొద్దున్నే దానికి కొత్త సిస్టమ్ ఎక్కించడం మొదలుపెట్టింది. సగం దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత, పని ఎంతదాకా వచ్చిందో చూపించే గీత తెర మీద కదలడం మానేసింది. భోజనాలు అయ్యాక వచ్చి చూసినా అక్కడే ఉంది.

కర్నూల్లో డీటీపీ సెంటర్ నడిపిన మనిషి ఆమె. మొరాయించిన మిషన్ ఏదైనా సరే, ఆమె దగ్గర ఒకటే మందు: ఆపి మళ్ళీ వెయ్యడం. కానీ ఇప్పుడు ఆపితే లోపలున్నవన్నీ పోవచ్చు. లోపల సుభద్రమ్మగారి పాటలున్నాయి. ఆవిడ గురువుగారి భార్య, పోయినేడు కాలం చేశారు. రోజూ ఆ గొంతు విన్నాకే గురువుగారు గదిలోంచి బయటికి వస్తారు. ఆ పాటల్ని ముందుగా ఇంకోచోట దాచాలన్న ఇంగితం తనకు లేకపోయింది.

వెళ్ళి గురువుగారు చిదంబరయ్యగారి ముందు నిలబడి అంతా చెప్పింది.

"తప్పు చేశానయ్యా. అమ్మ గొంతు పోగొట్టానేమో. ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూడనా?"

ఆయన ముఖం పాలిపోయింది. లేచి వచ్చి కంప్యూటర్ ముందు వంగి చూశారు.

"ఈ చిన్న దీపం ఏంటమ్మా, మిణుకు మిణుకుమంటోంది?"

"లోపల పని జరుగుతుంటే అట్లా వెలుగుతుందయ్యా. కానీ తెర మీద ఏమీ కదలడం లేదు కదా."

ఆయన వంటింట్లోకి వెళ్ళారు. గ్లాసుతో మజ్జిగ తెచ్చి గది గడప దగ్గర పెట్టారు.

"నాకు దాహం లేదయ్యా."

"నీక్కాదు. దానికి."

బెంగతో ఈయనకు మతి తప్పిందా అని శేషవేణికి భయమేసింది.

"కంప్యూటర్ మజ్జిగ తాగుతుందా అయ్యా?"

"మొదట్లో నువ్వూ తాగలేదు కదమ్మా."

కొడుకు పోయాక ఇక్కడికి వచ్చి, ఆ వానాకాలమంతా శేషవేణి ఎవరితోనూ మాట్లాడలేదు. ఈ మనిషి ఇక కోలుకోదు, పుట్టింటికి పంపేయండి అన్నారు తోటివాళ్ళు. గురువుగారు మాత్రం రోజూ ఆమె గడప దగ్గర మజ్జిగ పెట్టి, పిలవకుండా వెళ్ళిపోయేవారు. సాయంత్రం ఆ నిండు గ్లాసే తీసుకెళ్ళేవారు. మర్నాడు మళ్ళీ పెట్టేవారు.

శేషవేణి స్విచ్ దగ్గర్నుంచి జరిగి చాప మీద కూర్చుంది. పక్కనే ఆయనా కూర్చున్నారు. ఇద్దరూ ఆ దీపాన్నే చూస్తూ ఉండిపోయారు.

పొద్దు వాలుతుండగా గీత చివరిదాకా జరిగింది. తెర ఆరిపోయి మళ్ళీ వెలిగింది. శేషవేణి పాట తెరిచింది. ముందు సుభద్రమ్మగారి దగ్గు, తర్వాత "వినపడుతోందా?" అన్న మాట, ఆ వెనక పాట.

చిదంబరయ్యగారు కళ్ళు మూసుకున్నారు. కన్నీళ్ళు గడ్డంలోకి జారిపోతున్నాయి. పాట అయిపోయినా ఆయన కదల్లేదు.

అయ్యా అని పిలవబోయి ఆగింది శేషవేణి. లేచి వంటింట్లోకి వెళ్ళింది. తాజాగా మజ్జిగ కలిపి తెచ్చి గడప దగ్గర పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది.