అంకెలు కాని గడులు

వకుళ గారిని ఏదైనా అడిగితే నేరుగా జవాబు చెప్పరు. ఏదో ఒక పని పురమాయిస్తారు. జిల్లా ఆరోగ్య కార్యాలయంలో ముప్ఫై ఏళ్ళు గణాంకాలు చూసి రిటైరయ్యాక, అక్కడ కొత్తగా చేరిన అమ్మాయిలకు పని నేర్పడానికి వస్తున్నారామె. వాళ్ళలో హైమ చురుకైనది. చురుకైనవాళ్ళకుండే తెగులు ఆమెకూ ఉంది. తప్పు ఎక్కడుందో చూడకముందే దిద్దడం మొదలుపెడుతుంది.

ఆ మధ్యాహ్నం హైమ అడిగింది. "మేడమ్, లెక్క సరిగ్గా ఉన్నప్పుడు గ్రాఫు తప్పెందుకు వస్తుంది?"

కాన్పుల్లో చనిపోయిన తల్లుల గ్రాఫు అది. పది కేంద్రాలకు పది గీతలు. తొమ్మిది ఎగుడుదిగుడుగా, ఊపిరి తీస్తున్నట్టు నడుస్తున్నాయి. కొండమీది నీలగొంది కేంద్రానిది మాత్రం అడుగున కాళ్ళు బారజాపి పడుంది. నెలనెలా సున్నా. మార్చిలో అక్కణ్ణించి ఒక బాలింత శవాన్ని డోలీలో దించారని హైమ చెవులారా విన్నది. లెక్క సరిచూశామని పైనుంచి ముద్ర పడి వచ్చింది కాబట్టి కంప్యూటర్లో ఆ లెక్క ఉన్న గడుల జోలికి పోలేదు. గ్రాఫునే చెరిపి మళ్ళీ వేసింది. రకం మార్చింది, కొలత మార్చింది, చివరికి రంగు కూడా మార్చింది. ఆరుసార్లు వేస్తే ఆరుసార్లూ ఆ గీత అదే చోట, అదే తీరున వెల్లకిలా పడుకుంది. ఏడోసారి వెయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు.

పెద్ద ఆఫీసరుకు మాత్రం ఆ గీత ముద్దొచ్చింది. "ఒక్క చావు లేని చోట అంబులెన్సు దండగ" అని ఉదయమే బండిని కొండ దింపించి ఆఫీసు ఆవరణలో పెట్టించేశాడు. ఆడవాళ్ళు కాగితం మీద చావకపోతే చాలు, కొందరికి కడుపు నిండిపోతుంది. నాలుగింటికి ఆయన సంతకం పడితే ఆ బండి ఇక వేరే ఊరిది.

వకుళ గ్రాఫు వంక చూడనేలేదు. "నీలగొంది నర్సుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టు. తను పంపిన లెక్క తననే చదవమను. నువ్వు గడుల మీద వేలు పెట్టి విను" అన్నారు.

నర్సు పైడమ్మ గొంతు ఎక్కడో లోయలోంచి వస్తున్నట్టుంది. దాని వెనక సన్నటి మూలుగు లాంటిదేదో ఆగి ఆగి వినబడుతోంది. లైను బాగోలేదనుకుంది హైమ.

"జనవరి ఇద్దరు. ఫిబ్రవరి ఒకరు. మార్చి ముగ్గురు."

హైమ వేలు ఆగిపోయింది. ఆ గడుల్లో అంకెల్లేవు. ఇద్దరు, ఒకరు, ముగ్గురు అని అచ్చంగా అక్షరాల్లోనే ఉంది. అక్షరాలను లెక్కపెట్టడం రాని యంత్రం ఆ ఆరుగురినీ సున్నా చేసి పడుకోబెట్టింది.

"అంకెలు వెయ్యమన్నాం కదా పైడమ్మ గారూ! ఇలా రాశారేంటి?"

"మనుసులు కదమ్మా" అంది పైడమ్మ, తప్పేమిటో తెలియక. "మేకలైతే రెండు, మూడు అని ఏసీదాన్నే."

హైమ ముగ్గురు అన్న మాట చెరిపి మూడు అంకె వేసింది. వేసీ వెయ్యగానే గీత కదిలింది. దుప్పటి కింద ఎవరో మోకాలు ముడిచినట్టు పైకి లేచింది. మిగతా రెండు గడులూ దిద్దేసరికి నీలగొంది తొమ్మిది కేంద్రాలనూ దాటి నిలబడింది.

ఏప్రిల్ దగ్గర మాత్రం గీత మళ్ళీ నేలకు దిగింది. ఆమెకు ప్రాణం కుదుటపడింది. "పోన్లెండి మేడమ్, ఈ నెల సున్నా. తగ్గింది."

వకుళ ఫోను మీదికి వంగారు. "ఏప్రిల్ సంగతేమిటి పైడమ్మా?"

"అదింకా రాయలేదమ్మా. పక్క మంచం మీదే ఉంది. నొప్పులు మొదలై రెండోరోజు, బిడ్డ అడ్డం తిరిగింది. పొద్దున్నించి బండి కోసం సూత్తన్నాను. మీవోళ్ళు రానేలేదు."

మూలుగు మళ్ళీ వినబడింది. ఈసారి హైమ లైనును తిట్టుకోలేదు. గీత మధ్యలో తెగితే బాగోదని, ఖాళీ గడులను సున్నాగా చూపించమని ఆ గ్రాఫుకు చెప్పింది తనే. ఏప్రిల్ గడి తెల్లగా ఆమె ముందే ఉంది.

"మేడమ్, ఇందులో ఏం వెయ్యను?"

వకుళ అప్పటికే లేచి ఆఫీసరు గది తలుపు తోస్తున్నారు.

"బండి తాళాలు తీసుకురా" అన్నారు. "ఆ గడిలో సున్నా ఊరికే రాదు."