విడిగా లేని పప్పు

"ఉద్యోగం మానేస్తాను సార్," అన్నాడు దానియేల్.

వలీ సార్ అతనికి పని నేర్పిన గురువు. నెల్లూరు ట్రంకు రోడ్డులో, ఒక మేడ మీది చిన్న ఆఫీసులో, కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తూ, రాయడం నేర్పుతూ తల నెరిసిన మనిషి. కారణం అడగలేదు. అది ఆఫీసంతటికీ తెలిసిందే.

ఊళ్ల బస్సుల వేళలు చెప్పే ప్రోగ్రాం దానియేల్ ఒక్కడే రాశాడు. వేళలు, టిక్కెట్ ధరలు, సెలవులు, దారి మళ్లింపులు అన్నీ ఒకే కోడులో ఒకదాన్నొకటి చుట్టుకుని ఉండేవి. ఒక బస్సు వేళ మార్చాలన్నా అతనే దిగాలి. ఇంకెవరైనా చెయ్యిపెడితే ఇంకో ఊరి బస్సు మాయమయ్యేది. "నా కోడు దేవుడిక్కూడా అర్థం కాదు," అని మొదట్లో మీసం తిప్పాడు కూడా.

మొన్న జ్వరంతో మూలుగుతుంటే ఫోన్ మోగింది. పలకరింపేమో అనుకుని ఆశగా ఎత్తాడు. ఆఫీసు నుంచే, ఆత్మకూరు బస్సు కనబడటం లేదని. దుప్పటి కప్పుకునే కూర్చుని సరిచేశాడు. ఎలా ఉన్నావని ఒక్కరూ అడగలేదు.

"బస్సు కనబడకపోతేనే నేను గుర్తొస్తాను సార్. మిగతాప్పుడు ఉన్నానో లేదో ఎవరికీ పట్టదు."

"అన్నం తిన్నావా?" అన్నారు సార్.

మధ్యాహ్నం అందరూ పెద్ద బల్ల చుట్టూ చేరి క్యారియర్లు విప్పుతారు. ఒకరి పప్పు ఇంకొకరి కంచంలోకి పోతుంది. ఎవరి పచ్చడి ఎవరు తిన్నారో చెప్పడం కష్టం. దానియేల్ మాత్రం తన సీటులోనే తింటాడు. ఒంటరి గది, ఒక్కటే కుక్కరు. బియ్యం, పప్పు, బీరకాయ అన్నీ అందులోనే పడేసి, ఉడికింది డబ్బాకెత్తుకొస్తాడు.

ఆ రోజు సార్ కంచం పట్టుకొచ్చి అతని పక్కన కూర్చున్నారు. కంచంలో ఉత్త అన్నం.

"కాస్త పప్పు వెయ్యబ్బాయ్."

"విడిగా లేదు సార్. అంతా కలిపే వండాను."

"పోనీ, ఒక బీరకాయ ముక్క?"

దానియేల్ స్పూనుతో వెతికాడు. ముక్కతో పాటు అన్నం వచ్చింది, అన్నంతో పాటు పప్పూ వచ్చింది. సిగ్గేసింది. సార్ కాసేపు కంచం చాపే ఉంచారు. తర్వాత ఆ ఉత్త అన్నమే తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు.

దానియేల్‌కి ఇక ముద్ద దిగలేదు.

సాయంత్రం కోడు తెరిచాడు. సెలవుల లెక్క ఒక్కటీ బయటికి తీసి, దానికి 'సెలవులు' అనే పేరు పెట్టాడు. మర్నాడు ధరలు తీశాడు. ఆ తర్వాత దారి మళ్లింపులు. ఒక్కో ముక్క విడదీస్తుంటే తన గొప్పే తరిగిపోతున్నట్టు ఉండేది. ఏడుపొచ్చేది. అయినా ఆపలేదు. మానేస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఎండలు ముదిరాక ఒక ఉదయం ఆఫీసుకొస్తే తెలిసింది. నిన్న రాత్రి ఉదయగిరి బస్సు వేళ తప్పుగా పడిందట. కొత్తగా చేరిన హిమజ తనే చూసి సరిచేసిందట.

ఫోన్ తీసి చూసుకున్నాడు. ఒక్క కాల్ కూడా లేదు. ఇక ఆ ఒక్క పనికి కూడా తను అక్కర్లేదన్నమాట.

మధ్యాహ్నం దాకా తలెత్తలేదు. డబ్బా తెరవలేదు. సార్ వచ్చి ఎదురుగా నిలబడ్డారు. ఆయన వెనక, పెద్ద బల్ల దగ్గర, హిమజ ఇంకో కుర్చీకి చోటు చేస్తోంది.

"నన్నెవరూ పిలవలేదు సార్," అన్నాడు దానియేల్.

"ఇప్పుడు పిలుస్తున్నాంగా," అన్నారు సార్. "అన్నానికి రా."